పూత పట్టిన సగం

అక్కా,

అమ్మ పోయాక నీకు ఒక్క ముక్క కూడా రాయలేదు. కోపం. చివరి రోజుల్లో నా దగ్గరికి రమ్మని ఎంత బతిమాలినా రాకుండా నీ ఇంట్లోనే ఉండిపోయింది. అది నాకింకా మింగుడుపడలేదు. అయినా ఇప్పుడు రాయక తప్పడం లేదు.

అమ్మ తుంటి ఆపరేషన్ నాడు డాక్టరుగారు మా ల్యాబ్‌కి ఒక ఎముక ముక్క ఇచ్చారు, గుర్తుందా? అందులోని కణాల్ని ఇంతకాలంగా నేనే పెంచుతున్నాను. నా పని నీకు తెలిసిందే. ఒంట్లో అమర్చే టైటానియానికి ఆక్సైడ్ పూత పెట్టి, ఎముక దాన్ని తనదిగా ఒప్పుకుంటుందో లేదో చూడటం. ఒక టైటానియం బిళ్లకి సగమే పూత పెట్టి, దాని మీద అమ్మ కణాల్ని వేశాను. ఆ సగం నెమలికంఠం రంగు, మిగతాది బోడి లోహం. బోడి సగం మీది కణాలు ముడుచుకుని ఊడిపోయాయి. పూత మీదివి కాళ్లు బారజాపుకుని, ఒకదాన్నొకటి పట్టుకుని, కొత్త ఎముక కడుతున్నాయి. అమ్మ లేదు, అమ్మ ఎముక పెరుగుతోంది. మైక్రోస్కోపులో మొదటిసారి చూసినప్పుడు ఒళ్లు జలదరించింది.

ఇప్పుడు ఆ భయం పోయింది. సాయంత్రం అందరూ వెళ్లాక దాని ముందు కూర్చుని అమ్మతో మాట్లాడుతున్నాను. నీ మీద చాడీలు కూడా చెబుతున్నాను. అలా మాట్లాడిన మర్నాడు ఎముక ఇంకాస్త ఎక్కువ పెరుగుతోంది. పిచ్చి ముదిరిందనుకో, ఫర్వాలేదు.

పరీక్ష అయిపోయింది, సోమవారం అన్నీ పారెయ్యమన్నారు మా మేడమ్. నా చేత్తో అమ్మని ఇంకోసారి పంపించలేను. బిళ్లని ఇంటికి తెచ్చేసుకుంటాను. ఎవరికీ చెప్పకు.

నీ చెల్లి


చిట్టీ,

నీ ఉత్తరం చదివాను. ఆ కణాలు అమ్మవి కావే.

ఆపరేషన్‌లో అమ్మ ఎముక సుద్దముక్కలా పొడైపోయింది. ఆ ఖాళీ పూడ్చడానికి నా నడుం పక్క నుంచి ఎముక తీశారు. వాడగా మిగిలిందే నీకు ఇచ్చారు. "చిట్టితో అనకే, మనిద్దర్నీ తిట్టిపోస్తుంది" అంది అమ్మ. నేను మామూలుగా నడిచేదాకా నన్ను వదిలి కదలనంది. నీ దగ్గరికి రాకపోవడానికి కారణం అదే.

నా గాయం ఎప్పుడో మానింది. కానీ కొన్నాళ్లుగా సాయంత్రమయ్యేసరికి అక్కడ ఒకటే సలుపు. ఎవరో ఆనుకుని కూర్చుని ఏదో గొణుగుతున్నట్టు ఉంటుంది. డాక్టరుగారు చూసి ఏమీ లేదన్నారు. గొణుగుడు సంగతి ఆయనకి చెప్పలేదు.

బిళ్లని ఇంటికి తేకు. సోమవారం ఆ పని ఇంకెవరికైనా అప్పగించి నా దగ్గరికి వచ్చెయ్. వాళ్లు పారేసే వేళకి నా నడుం మీద చెయ్యి వేసి కూర్చో. నాకు భయంగా ఉందే.

అక్క