పాపకు పడని పాలు

అమ్మా, నేను లేచి తిరుగుతున్నాను, నా గురించి బెంగ పెట్టుకోకు. పాపకే బాగాలేదు. పాలు తాగిన కాసేపటికే ముడుచుకుపోయి గుక్క పట్టి ఏడుస్తోంది. మొన్న పాప దొడ్డికి వెళ్లిన గుడ్డ మీద నెత్తుటి చార కనిపించింది. ఆసుపత్రికి పరుగెత్తాం. "నీ పాలు మాన్పించకు. నువ్వు తాగే ఆవుపాలు నీ పాలలోకి చేరి దానికి పడటం లేదేమో. పాలు, పెరుగు, వెన్న నువ్వు మానేసి చూడమ్మా" అంది డాక్టరమ్మ.

ఇంటికి రాగానే అత్తయ్య, "తల్లిపాలే పడని బిడ్డను ఎక్కడా చూళ్లేదు. డబ్బా పాలు పడతాను, ఇలా ఇవ్వు" అంటూ పాపను తీసుకెళ్లింది. పక్కగదిలో అది ఏడుస్తుంటే ఇక్కడ నా రవిక తడిసిపోయింది. ఆయన పేపరు చదువుకుంటూ కూర్చున్నారు. చివరికి నేనే వెళ్లి లాక్కొచ్చాను. అప్పటినుంచి ఆవిడ నాతో మాట్లాడటం లేదు.

పాలు, పెరుగు, వెన్న అన్నీ మానేశాను. ఏడుపు ఇంకా తగ్గలేదు. మెత్తటి పాత చీరలుంటే పంపు, పొత్తిళ్లకు చాలడం లేదు. నాన్న మోకాలు ఎలా ఉంది? చెల్లి పనిలో చేరిందా? నా చిన్నప్పుడు నాకూ ఇలాగే ఉండేదా?

నాన్నకు నా దండాలు. పాపను దీవించు. నా పాలలో దోషం లేదని ఒక్క మాట రాయి. కవరులో వద్దు, కార్డు మీదే రాయి. ఇంట్లో అందరూ చదవాలి. అందరికన్నా ముందు నేను చదవాలి.

నీ పెద్దది