గడప దాటని బజారు

అచారా లేఅవుట్, ఎనుగు,
సెప్టెంబరు 14, 2024.

మా ఇంటి పెద్దాడపడుచు ఉగోయె వదినగారికి,

మీ తమ్ముడి భార్య ఓబియాగెలి తల వంచి నమస్కరించి రాస్తున్నది. వానలకు మీ మోకాళ్ల నొప్పులు ఎక్కువ కాలేదని తలుస్తాను. ఇక్కడ అత్తగారు, పిల్లలిద్దరు, నేను ప్రాణాలతో ఉన్నాం. క్షేమం అనే మాట ఈ ఏడాది నా కలానికి రావడం లేదు, ఏమీ అనుకోకండి.

మీరు పంపిన కబురు అందింది. మొగుడు పోయి నల్లబట్టలో ఉన్న మనిషి బజారు చేసిందనీ, అది చాలక ఇంటి గుమ్మంలోనే అంగడి పెట్టి అమ్మిందనీ మీ చిన్నాన్న కూతురు రోజలిన్ వచ్చి చెప్పిందట. వచ్చే ఆదివారం మన వంశపు ఆడపడుచుల సభలో నా జవాబు చదివిస్తారట. తప్పని తేలితే నేను మళ్లీ మొదటి రోజు నుంచి నల్లబట్ట కట్టాలట. ఫోన్ చేసి చెబుదామా అని ఒకసారి అనుకున్నాను. కానీ నా మీద మోపిన నేరమే ఫోన్ వల్ల వచ్చింది, మళ్లీ దాన్నే పట్టుకోవడం ఎందుకని కాగితం తీశాను.

ముందుగా నా భయం ఏమిటో చెబుతాను, దాచుకోవడం చేతకాదు. ఒగ్బెతె మార్కెట్లో ఎండు చేపల వరుసలో నా కొట్టు మీకు తెలుసు. అక్టోబరు చివర నల్లబట్టకు ఆరు నెలలూ నిండుతాయి. మీరంతా వచ్చి నల్లబట్ట విప్పించి, నన్ను మధ్యలో పెట్టుకుని బజారుకు నడిపిస్తే, ఆ మర్నాడే నేను షట్టర్ ఎత్తుకోవచ్చు. మార్కెట్ సంఘం వాళ్లు అంతవరకూ ఆగుతామన్నారు. ఆపైన ఆగరు, కొట్టు కోసం ఇప్పటికే వాళ్ల చుట్టూ మనుషులు తిరుగుతున్నారు. మీ తమ్ముడు పోయాక ఈ ఇంటికి తిండి పెట్టేది ఆ కొట్టొక్కటే వదినా. ఇంకో ఆరు నెలలు నన్ను కూర్చోబెట్టారంటే అది పోయినట్టే.

ఇక జరిగింది జరిగినట్టు రాస్తాను. సభలో చదివేవారిని మధ్యలో ఆపకుండా చదవమనండి.

మొదటి నెల మీరంతా ఇక్కడే ఉన్నారు. పెరట్లో మూడు పొయ్యిలు వెలిగాయి. నేను తినకపోతే బలవంతాన ముద్దలు పెట్టారు, నాతో పాటు ఏడ్చారు, నన్ను ఒంటరిగా పడుకోనివ్వలేదు. ఆ రుణం తీరేది కాదు. తరువాత ఎవరిళ్లకు వాళ్లు వెళ్లారు. అది తప్పని అనను, ఎవరి సంసారం వాళ్లది. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర అందరూ చెప్పిన మాట ఒకటే, బజారు గడప తొక్కకు, చేతికి చెయ్యి కలపకు అని. మరి తినేదెలా అని మాత్రం ఒక్కరూ అడగలేదు.

పక్కింటి ఆవిడ, కోసీ తల్లి, మామా కోసీ అడిగింది. తనకు బట్టలు కుట్టడం తప్ప బేరం రాదు, అయినా మార్కెట్‌కు వెళ్లినప్పుడల్లా మాకూ తెచ్చేది. ఒకరోజు ఎండు రొయ్యలు తెచ్చింది. నేను ఇరవై ఏళ్లుగా అవే అమ్ముతున్నదాన్ని. గుప్పిట్లోకి తీసుకుంటే చాలు, ఎంత ఇసుక కలిపారో తెలుస్తుంది. ఎవరి దగ్గర కొన్నావే అంటే, ఎర్ర గొడుగు కింద కూర్చున్న లావుపాటావిడ, అమ్మా తల్లీ అని ఎంత బాగా పిలిచిందో అంది. ఆ పిలుపు ఖరీదే నీ చేత కట్టించుకుంది అన్నాను. ఇద్దరం నవ్వాం. మీ తమ్ముడు పోయాక నేను నవ్వడం అదే మొదలు. నవ్వాక లోపలికి వెళ్లి తలుపు వేసుకుని ఏడ్చాను, నవ్వినందుకు.

ఎంతకాలమని ఒకరి మీద పడతాం? వీధిలో గంపలు మోసుకొచ్చేవాళ్ల దగ్గర ఆకుకూరలు, బెండకాయలు కొన్నాం. ఇంటి ముందుకు వచ్చింది కొంటే తప్పు లేదని మీరే అన్నారు. కానీ వానలు మొదలయ్యాక మా వీధి బురదలోకి ఏ గంపా రావడం లేదు. నా కొట్టు వరుసలో ఆడవాళ్లు కొన్నిసార్లు చేపలు, ఎర్ర నూనె పంపారు, వాళ్లకూ పిల్లలున్నారు. పెద్దదాన్ని ఒంటరిగా ఒగ్బెతె రద్దీలోకి తోయలేక, ఆ కొత్త సూపర్‌మార్కెట్‌కు పంపాను. బిస్కెట్లు, నూడుల్సు, గాజు సీసాలో ఏదో కారం తెచ్చింది. పెండలం ఏదే అంటే, అక్కడ దాన్ని ముక్కలు కోసి ప్లాస్టిక్ కాగితం చుట్టి మంచులో పెట్టారమ్మా, చూస్తే భయం వేసింది అంది. అత్తగారు ఆ నూడుల్సు ఒక్క ముద్ద తిని, ఇది తిండా, పురికొసా అని గిన్నె పక్కన పెట్టేశారు. ఆ వారమే చూశాను, ఆవిడ తన గిన్నెలోది పిల్లల గిన్నెల్లోకి తోస్తున్నారు. నేనూ అదే పని చేస్తున్నానని ఆవిడ కనిపెట్టేశారు. ఒకరినొకరం దొంగల్లా చూసుకున్నాం.

అప్పుడు వచ్చింది ఫోన్ బజారు సంగతి. పిల్ల తన స్నేహితురాలి ఇంట్లో చూసి వచ్చి మాకు చూపించింది. వేలితో తోస్తూ పోతే టమాటాలు, ఉల్లిపాయలు, బియ్యం, అన్నీ బొమ్మలే. కావాల్సింది నొక్కితే బుట్టలో పడుతుంది, ఇంటికి పంపిస్తారు. నేను చాలాసేపు దాన్ని ముట్టుకోలేదు. ఇది బజారేనా కాదా అని నాకు నేనే వాదించుకున్నాను. వాసన లేదు. తిరగేసి చూడటానికి లేదు. బేరం ఆడదామంటే ఎదురుగా మనిషి లేడు, కొసరు వేయమని అడగడానికి గంప లేదు. చివరికి అత్తగారిని అడిగాను. ఆవిడ ఫోన్‌ను వెనక్కీ ముందుకూ తిప్పి చూసి, బజారంటే నలుగురు నిన్ను చూస్తారు, నువ్వు నలుగురిని చూస్తావు, నవ్వుతావు, తిడతావు, నీ దుఃఖం మరిచిపోతావు, అందుకే కదటే నల్లబట్టలో ఉన్నదాన్ని వెళ్లొద్దనేది అన్నారు. ఈ గాజు పలకలో ఎవరున్నారే, దీన్ని చూసి దుఃఖం మరిచేదెవరు అని కూడా అన్నారు.

నాకు ఆ మాట న్యాయంగానే తోచింది. మీకు తోచకపోతే సభలో చెప్పండి, వింటాను.

మొదట్లో కొంచెం కొంచెమే తెప్పించాం. ఉల్లిపాయల్లో అడుగునవి కుళ్లినవి వచ్చాయి. చేప మరీ చిన్నది వచ్చింది, బొమ్మలో మాత్రం మూరెడుంది. అయినా పొయ్యి వెలిగింది. ఆ తరువాత ఇంట్లో గర్రీ, ఆ కర్రపెండలం రవ్వ, అయిపోయింది. అక్కడే పడింది దెబ్బ. మన లెక్కంతా డబ్బాలతో కదా, టమాటా గుజ్జు డబ్బాతో కొలిచి పోస్తారు, ఇంటిల్లిపాదికీ ఇరవై డబ్బాలుంటే కొన్నాళ్లు గడుస్తుంది. ఫోన్లో బొమ్మ పక్కన డబ్బా లేదు, మరి ఏదో ఒక లెక్క. ఇరవై అని నొక్కడం జరిగింది. మర్నాడు మూడు చక్రాల బండి మా గేటు ముందు ఆగి ఇరవై సంచులు దింపింది. బండివాడు సంచులు లెక్కపెట్టి, మేడమ్, పెద్ద ఫంక్షనా అని అడిగాడు. నా నల్లబట్ట చూసి నాలుక కరుచుకున్నాడు. వెనక్కి తీసుకుపోమంటే, డబ్బు ముందే కట్ అయిపోయింది, కంపెనీతో మాట్లాడుకోండి అని వెళ్లిపోయాడు. కంపెనీకి ఫోన్ చేస్తే పాట వినిపిస్తుంది తప్ప మనిషి పలకడు.

వానాకాలంలో ఆ గర్రీ మొత్తం ఇంట్లో పెట్టుకుంటే చెమ్మ పట్టి పాడవుతుంది. మామా కోసీ వీధంతా తిరిగి చెప్పింది. ఒక్కొక్కరూ వచ్చి ఒక్కో సంచి తీసుకెళ్లారు. నేను ఊరికే తీసుకోండి అన్నాను. వాళ్లు ఒప్పుకోలేదు. నల్లబట్టలో ఉన్నదాని దగ్గర ఊరికే తీసుకుంటే మా పిల్లలకు మంచిదా అన్నారు. డబ్బు చేతికివ్వబోయి, నా చేతిని తాకకూడదని గుర్తొచ్చి, గడప మీద పెట్టి వెళ్లారు. ఒకరిని చూసి ఒకరు అక్కడే పెట్టారు.

సరిగ్గా అప్పుడే రోజలిన్ వచ్చింది. గడప మీద నోట్లు, నెత్తి మీద సంచులతో వెళ్తున్న జనం, మధ్యలో నేను. దాని కళ్లను తప్పుపట్టను. చూసింది నిజమే చూసింది. ఏం వదినా, కొట్టును ఇక్కడికే తెచ్చుకున్నావా, బోణీ బాగానే ఉన్నట్టుందే అని వీధికంతా వినపడేలా అంది.  మామా కోసీ ఊరుకోలేదు. నీకూ ఒక సంచి కట్టించనా అమ్మా, నములుతున్నంతసేపూ మాట్లాడే పని ఉండదు అంది. రోజలిన్ కోపంగా వెళ్లిపోయింది. వెళ్తూ ఒక సంచి పట్టుకెళ్లింది. ఆ సంగతి మీకు చెప్పిందో లేదో తెలియదు గాని, దాని వంతు డబ్బు మాత్రం గడప మీద పడలేదు.

ఇదీ జరిగింది. ఆ డబ్బు అత్తగారి మందులకూ పిల్లల బడి ఫీజులకూ అయిపోయింది. అంగడి పెట్టలేదు. లాభం చూడలేదు. నా కాలితో బజారు గడప తొక్కలేదు, దేవుడి మీద ఒట్టు. సరుకు వచ్చింది నా ఇంటికి, ఈ ఇంట్లో జరిగినదానికి జవాబు చెప్పవలసింది నేను. తప్పనిపిస్తే శిక్ష నాకే వేయండి, ఈ ఇంట్లో ఇంకెవరినీ ఏమీ అడగకండి.

ఒక్కటి మాత్రం మీ కాళ్లు పట్టుకుని అడుగుతున్నాను. నేను నల్లబట్టను బరువనుకుని ఇదంతా రాయడం లేదు. మీ తమ్ముడి కోసం ఆరు నెలలు కాదు, బతికినన్నాళ్లూ కట్టమన్నా కడతాను. ఆయన సాయంత్రం కొట్టు దగ్గరకు వచ్చి, నేను వద్దంటున్నా రొయ్యలు నోట్లో వేసుకుని, వచ్చేపోయేవాళ్లతో మా ఆవిడ సరుకు తిని చూడండి అనేవారు. ఆ కొట్టు తెరిస్తే అక్కడైనా ఆయన కాస్త మిగులుతారని నా ఆశ. మళ్లీ మొదటి నుంచి కట్టమంటే కడతాను. కానీ ఆ తీర్పుతో పాటు, ఆ ఆరు నెలలూ పిల్లలు ఏం తినాలో, అది ఎవరు తెచ్చి పెడతారో కూడా సభలో తేల్చి పంపండి. ఈసారి గుమ్మం దగ్గర మరిచిపోకండి.

మీ మాట కోసం ఎదురుచూస్తూ,

మీ మరదలు,
అజుకా భార్య ఓబియాగెలి.

తా.క. ఉత్తరం మడుస్తుంటే అత్తగారు చదివి వినిపించమన్నారు. చదివాను. నన్ను కూర్చోమన్నారు. వేరే కాగితం వద్దు, చింపి పారేయడానికి వీలుంటుంది, దీని వెనకే రాయి అన్నారు. ఒక్క మాట కూడా మార్చొద్దన్నారు. వద్దని బతిమాలాను, వినలేదు. ఇక్కడి నుంచి మాటలు మీ అమ్మవి.

ఉగోయె, ఫోన్ నొక్కిన వేలు నాది. నా కోడలు నన్ను కాపాడటానికి పేజీలకు పేజీలు రాసిందే గాని అబద్ధం రాయలేదు, నువ్వే సరిగా చదువుకో. మనవరాలు నేర్పితే నేనే నొక్కాను. ఇరవై డబ్బాలనుకున్నాను, కళ్లు సరిగా కనపడవు. అమ్మకు మతి పోయింది, ఊరికి తీసుకుపోతాను అని నువ్వు అంటావని ఇది దాచింది. నా మతి బాగానే ఉంది. కొడుకు పోయాడు, కోడలు తిండి మానేసి ఎండిపోతోంది, చూస్తూ కూర్చోలేకపోయాను. నేను నల్లబట్టలో లేను, నేను బజారు చేస్తే ఏ సభకూ పని లేదు.

అంతటితో ఆపితే నేను తప్పించుకున్నట్టు అవుతుంది. ఇంకోటి విను. మీ నాన్న పోయింది బయాఫ్రా యుద్ధం చివరి ఏడాది. నేను నల్లబట్టలో ఉన్నాను. అజుకా కడుపులో ఉన్నాడు. నీకు ఏడేళ్లు. తిండీ ఉప్పూ దొరక్క నీ జుట్టు ఎర్రబడిపోయింది, కాళ్లు వాచిపోయాయి, పిలిస్తే పలికేదానివి కాదు. వీధిలో అలాంటి పిల్లలు రోజూ పోతున్నారు. అప్పటి ఆడపడుచులు ఊళ్లో లేరు, ఎవరి ప్రాణం పట్టుకుని వాళ్లు పారిపోయారు. నేను నల్లబట్ట విప్పి మా అక్క గుడ్డ కట్టుకుని, బాంబులేసే విమానాలకు భయపడి అడవిలో పెట్టే బజారుకు నడిచి వెళ్లాను. నా గాజులిచ్చి ఒక ఎండు చేప, ఆకులో చుట్టిన చిటికెడు ఉప్పు తెచ్చాను. తిరిగొచ్చి మళ్లీ నల్లబట్ట కట్టుకుని ఏడవడానికి కూర్చున్నాను. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. తప్పు చేశానని ఏనాడూ అనుకోలేదు.

బజారుకు వెళ్లిన విధవ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలంటే, ముందు నా నల్లబట్ట పంపించు, ఈ వయసులోనైనా కట్టుకుంటాను. దీన్ని సభలో చదవాలో వద్దో నీ ఇష్టం. చదివేముందు ఒక్కటి గుర్తు చేసుకో. ఆ ఉప్పు నా అరచేతిలో పోస్తే, నువ్వు నాకి, కళ్లు తెరిచి, ఇంకా ఉందా అమ్మా అని అడిగావు.