చుట్టూ తిరిగి వెళ్ళిన వీధులు

అమ్మకు నమస్కారాలు.

ఇక్కడ నేను క్షేమం. మీరందరూ కులాసాగా ఉన్నారనే అనుకుంటున్నాను. నాన్న మోకాలినొప్పి పూర్తిగా తగ్గిపోయిందని రాశావు కాబట్టి, తగ్గలేదని అర్థం చేసుకున్నాను.

ఫోన్లో చెప్పక ఈ ఉత్తరమేమిటంటావేమో. నువ్వు ఫోనెత్తగానే పిన్ని స్పీకర్ నొక్కేస్తుంది. పొద్దున నీతో అన్న మాట సాయంత్రానికల్లా నీ కుట్టుషాపుకి జాకెట్లు తెచ్చే వాళ్ళందరికీ తెలిసిపోతుంది. ఇది నీకొక్కదానికే చెప్పాల్సింది.

ముందు నీ ప్రశ్నలు. తింటున్నాను. నిద్రే సరిగ్గా పట్టడం లేదు. నాతో గదిలో ఉండే నర్సు, "పడుకున్నా నీ కాళ్ళు ఎక్కడికో పోతూనే ఉంటాయే" అని విసుక్కుంటోంది. "రాజకీయాలు చదువుతానని వెళ్ళి లెక్కల్లో పడ్డావేమిటి?" అని అడిగావు. మాకు నేర్పేది లెక్కలు కాదమ్మా, అనుమానించడం. ఒకటి జరిగాక ఇంకొకటి జరిగితే, దీనివల్లే అది జరిగిందని ఎలా తెలుస్తుంది? తన కోడి కూయకపోతే ఊరికి తెల్లవారదనుకున్న ముసలమ్మ సంగతి నువ్వు నాకు అన్నం తినిపిస్తూ చెప్పేశావు. ఇక్కడ దాన్నే సెమిస్టరంతా చెబుతున్నారు.

ఇక అసలు ప్రశ్న. వార్డు ఎన్నికల్లో మళ్ళీ నిలబడనా, నిలబడితే ఏ వీధులు తిరగనూ అని ఉత్తరం చివర, ఏదో గుర్తొచ్చి అడిగినట్టు అడిగావు. నాకు తెలియదా, ఆ ఉత్తరం రాసిందే అందుకని.

అమ్మా, ఆ ప్రశ్న నువ్వు అడగకముందే నేను తవ్వడం మొదలుపెట్టాను. మా క్లాసులో ఒక్కొక్కరం ఒక వాదన తీసుకుని పరీక్షించి చూపాలి. నేను నీ వాదనే తీసుకున్నాను. పోయినసారి ఓడిపోయిన దగ్గర్నుంచీ అంటున్నావుగా, "నేను కాలుపెట్టిన చోటల్లా ఓట్లు పడ్డాయి, మిగతావి తిరగడానికి టైము చాల్లేదంతే" అని. బూత్‌లవారీగా వచ్చిన ఓట్లు సంపాదించాను. నువ్వు ఎక్కడెక్కడ ఎంత తిరిగావో పిన్ని చేత చెప్పించుకున్నాను. గ్రాఫు గీస్తే గీత చక్కగా పైకి లేచింది. ఎక్కువ తిరిగిన చోట ఎక్కువ ఓట్లు. గర్వంగా తెర మీద పెట్టాను.

మా పంతులమ్మను మేము ఆధారం మేడమ్ అంటాం. ఎండగా ఉందన్నా ఆధారమేదని అడుగుతుంది. ఆవిడ గీతను చాలాసేపు చూసి, "మీ అమ్మగారు ఏ వీధికి వెళ్ళాలో ఎలా ఎంచుకునేవారు?" అంది.

"తెలిసినవాళ్ళున్న చోటికేనండీ. వెళితే కుర్చీ వేసి కూర్చోబెట్టేవాళ్ళ దగ్గరికి."

"కుర్చీ వేసినవాళ్ళు ఓటు వెయ్యరేంటి?" అన్నాడు వెనక బెంచీ నుంచి ఒకడు. అందరూ నవ్వారు.

మేడమ్ నవ్వలేదు. "వెళ్ళకపోయినా వేసేవాళ్ళ దగ్గరికే వెళ్ళారన్నమాట. నువ్వు కొలిచింది ఆవిడ తిరుగుడును కాదు, ఆవిడకున్న చుట్టాలను."

ఒళ్ళు మండిపోయింది. ఆవిడది తప్పని చూపిద్దామని అంతకు ముందు ఎన్నికల లెక్కలు తీశాను. అప్పుడు మన గుర్తు మీద నిలబడ్డది రిటైరైన పోస్టుమాస్టరు గారు కదా, అరుగు దిగకుండా ప్రచారం చేసిన మహానుభావుడు. కుర్చీల వీధుల్లో నువ్వు చెప్పులరిగేలా తిరిగి తెచ్చుకున్న ఓట్లు, ఆయన కాలు కదపకుండా తెచ్చుకున్నవీ ఇంచుమించు ఒక్కటే. కోప్పడకు. నాకూ ఏడుపొచ్చింది.

కానీ ఒకచోట కథ తిరగబడింది. ప్రచారం చివర్లో పైపుల కోసం మెయిన్ రోడ్డు తవ్వేశారు, గుర్తుందా? గోడౌన్ల వెనక అద్దె ఇళ్ళ మధ్య నుంచి చుట్టూ తిరిగి పోవాల్సొచ్చేది. "ఇక్కడ మనకెవరున్నారని నిలబడతావక్కా, పద పద" అని పిన్ని ఒకటే సణుగుడు. నువ్వేమో నీళ్ళొస్తున్నాయా, పిల్లలకి బడెంత దూరం అంటూ ఎదురైన ప్రతివాళ్ళ దగ్గరా ఆగావు. ఆ వీధుల బూత్‌లు రెండు. పోస్టుమాస్టరు గారి కంటే నీకు ఓట్లు బాగా పెరిగింది ఆ రెండింట్లోనే. అలాంటివే అద్దె ఇళ్ళు, కాస్త అవతల, నువ్వు పోని దారిలో ఉన్నచోట ఏమీ పెరగలేదు. ఆ దారి నువ్వు ఎంచుకోలేదమ్మా, పైపుల కాంట్రాక్టరు ఎంచుకున్నాడు. అందుకే ఆ ఓట్లు చుట్టరికానివి కావు, నీ మాటకు పడ్డవి అనుకోవచ్చు.

ఇది చూపించాక మేడమ్ మొదటిసారి కుర్చీలో ముందుకు జరిగింది. "రెండు బూత్‌లతో మేడ కట్టకు. ఈసారి సరిగ్గా చెయ్యి. ఆ అద్దె వీధులన్నిటికీ చీటీలు వెయ్యి. చీటీ వచ్చిన సగానికి మీ అమ్మగారు వెళ్ళాలి, మిగతా సగానికి వెళ్ళకూడదు. అప్పుడు తేడా చూద్దాం. నీ థీసిస్ ఇదే" అంది.

ఇన్ని పేజీలు నింపింది ఈ మాట దగ్గరికి రావడానికి భయపడే. నాకది కావాలనిపించింది. ఎంతగా అంటే, నిన్నెలా ఒప్పించాలో నర్సు ముందు నిలబడి చెప్పుకుని చూసుకున్నాను. ఆ పిల్ల అంతా విని, "మీ అమ్మ నిన్నెప్పుడైనా కాదందా?" అని అడిగింది. లేదన్నాను. "మరి ఒప్పించడమేంటి?" అని డ్యూటీకి పోయింది. నేనడిగితే నువ్వు సగం వీధులు వదిలేసుకుంటావు. గెలుపే పోయినా ఆ సంగతి నాతో అనవు.

వెళ్ళి మేడమ్‌తో కుదరదన్నాను.

"కారణం?"

"చీటీ రాని వీధిలో ఎవరైనా పలకరిస్తే మా అమ్మ తల తిప్పుకుని పోవాలండీ. ఆవిడకది చేతకాదు."

"అది కారణం కాదు, నీ మొహమాటం" అంది. "సరే, వేరే విషయం వెతుక్కో. ఈ సెమిస్టరు పోయినట్టే."

పోయిందమ్మా. నాన్నకు నేనే చెబుతాను, నువ్వు ముందే మెత్తగా చేసి పెట్టకు. సరైన పని చేశానా అంటే, గంటకో రకంగా అనిపిస్తోంది. నువ్వు గెలుస్తావా అన్నది ఏ లెక్కా చెప్పదు. నిలబడటం నీ ఇష్టం, దాన్ని నా మీద పెట్టకు. నిలబడితే మాత్రం గోడౌన్ల వెనక వీధులన్నీ తిరుగు, ఒక్కటీ వదలకు. కుర్చీల వీధులకు పిన్నిని పంపు, ఆవిడకు కూర్చోవడం ఇష్టమే. ఉన్న ఆధారం రెండు బూత్‌లు. దాని మీద నిన్ను రోడ్డెక్కిస్తున్నానని తెలుసు. అది తప్పయితే నన్ను తిట్టు, లోపల పెట్టుకోకు.

నామినేషన్ వేసిన రోజు కబురు పెట్టు, మర్నాడే బస్సెక్కుతాను. మా చదువులో భాగంగా ఇంటింటి సర్వేకి వెళ్ళినప్పుడు తలుపు తీసినవాళ్ళు ముందు అడిగేది "ఎవరి తరఫున వచ్చారు?" అని. ఎవరి తరఫునా కాదండీ అని ముఖంలో ఏమీ కనిపించకుండా చెప్పాలని నేర్పారు. నాకది బాగా వచ్చేసింది. ఆ వీధుల్లో ఎవరైనా అడిగితే మాత్రం, మా అమ్మ తరఫున అని చెబుతాను.

ఇట్లు,
నీ పెద్దకూతురు