పత్తి కుప్పలో చెయ్యి

12 డిసెంబరు 1985, ఆదోని

బెంగళూరులో పరిశోధన సీటు వచ్చి వారమైనా నాయన ఔననలేదు. "కంటికి కనపడని సుక్కల్ని ఏం జూస్తావు పాపా?" అని ఒకటే ప్రశ్న. పొరుగు గెలాక్సీలోని భారీ నక్షత్రాలు కొన్ని ధూళి కప్పుకొని ఉంటాయనీ, వాటి వెలుగు ఆ ధూళిలోనే ఆగిపోయి వేడిగా మాత్రమే బయటికొస్తుందనీ, ఆ వేడినే కొలుస్తామనీ ఎన్నిసార్లు చెప్పినా ఆయనకు పట్టలేదు.

సాయంత్రం మిల్లుకు టిఫిను తీసుకుపోయాను. నాయన చొక్కా పైకి మడిచి, పత్తి కుప్పలోకి భుజం దాకా చెయ్యి దూర్చి ఉన్నాడు. చెమ్మ తగిలిన పత్తి లోలోపలే కాగుతుంది. పొగ కనపడేసరికి ఆలస్యమైపోతుంది.

"లోపల వేడి ఉండాది. కుప్ప తిరగెయ్యల్ల," అన్నాడు.

"పైకి తెల్లగానే ఉండాది కదా. నీకెట్ల తెలిసె?"

"సెయ్యి సెప్తాది."

"నేను జేసేదీ అదే నాయనా. నా సెయ్యి శానా పొడుగు, అంతే."

ఆయన నవ్వలేదు. చెయ్యి తీయకుండా ఆ కుప్పనే చూస్తూ, "అంత దూరం నుంచి వేడి ఈడికొస్తాదా?" అన్నాడు.

"వస్తాది. రవ్వంత."

ఆ రవ్వంతను పట్టుకోవడం నాకు చేతనవుతుందా? అంత ధీమాగా ఎందుకన్నానో...

రాత్రి తినగానే నాయన అటకెక్కి, తాత దూది ఏకిన విల్లు దింపాడు. "బెంగళూరులో సలి ఎక్కువంట. పాపకు పరుపు మందంగా ఉండల్ల," అని అమ్మతో అన్నాడు.

పక్క గదిలో విల్లు ఇంకా మోగుతోంది.