మానేసిన వైద్యం

హెస్టర్ అక్కకు,

నా వైద్యం పెట్టె పారెయ్యమని రాశాను కదా, పారెయ్యకు. ఇక్కడికి పంపు.

యుద్ధంలో సిపాయిలకి అన్నన్ని కాళ్ళు కోశాక ఇక ఆ పని చెయ్యలేకే గుర్రపు దళంలో చేరాను. నేను డాక్టర్నని ఈ డకోటా కోటలో ఎవరికీ చెప్పలేదు. పోయిన మంగళవారం మంచులో గుర్రం జారి మీద పడి, ఓర్విల్ అనే సిపాయి కాలు నలిగిపోయింది. ఇక్కడి డాక్టరు జ్వరంతో మంచాన ఉన్నాడు. నేనే రంపం తీసుకున్నాను.

“మీకిది వచ్చా, కెప్టెన్ గారూ?” అన్నాడు ఓర్విల్ భయంగా.

“వచ్చు. అందుకే మానేశాను,” అన్నాను.

బతికాడు. రోజూ వెళ్ళి చూస్తున్నాను. నేను ఎక్కడికి వెళ్ళినా అందరూ మాటలు ఆపేసి లేచి నిలబడతారు. అతను లేవలేడు. నిన్న మంచం మీద కాస్త జరిగి, “కూర్చోండి, ఎంతసేపని నిలబడతారు?” అన్నాడు.

ఇక్కడికొచ్చిన మూడేళ్ళలో నన్ను కూర్చోమన్నది అతనొక్కడే అక్కా. చీకటి పడేదాకా కూర్చున్నాను.

నీ తమ్ముడు