శుక్రవారం సంతకం

అరోరా, ఇల్లినాయ్
18 నవంబర్ 1983, శుక్రవారం

రత్నక్కయ్యకి నమస్కారాలతో వసుమతి రాస్తున్నది. ఇక్కడ మేం ముగ్గురం క్షేమం. బావగారి కంటి ఆపరేషన్ బాగా జరిగిందని నీ ఉత్తరం చూసి నిమ్మళించాం.

బడి నుంచి వచ్చి కోటైనా విప్పకుండా కూర్చున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకుని చదువుకో. ముందు నీ ప్రశ్నలు. రేణుకి స్వెట్టర్ సరిపోయింది, చేతులు రెండంగుళాలు పొడుగు. "పెద్దమ్మ నేను టాల్ అవుతా అనుకుంది కదా, అవుతాలే" అని మడిచి వేసుకుంటోంది. ఇక రెండోది. తోటలో టమాటాల గురించీ కొత్త కారు గురించీ రాశాను గాని బడి ఊసెత్తలేదేమని అడిగావు. బడి లేదక్కయ్యా, అందుకని. మార్చిలో నన్ను సస్పెండ్ చేసి, ఉద్యోగం తీసేస్తున్నామని నోటీసిచ్చారు. ఈ సోమవారం మళ్ళీ చేర్చుకున్నారు.

వరసగా చెబుతాను. ఫిబ్రవరి పదహారున తొమ్మిదో తరగతికి కెమిస్ట్రీ ల్యాబ్. ల్యాబ్‌లో కుళాయి పనిచెయ్యదు. వరండా చివరి నుంచి బకెట్టుతో నీళ్ళు తెద్దామని వెళ్ళాను. ఆ సమయంలో డెబ్బీ అనే అమ్మాయి కాలిన గాజుగొట్టం పట్టుకుంది. అరచెయ్యి బొబ్బలెక్కింది. రెండు వారాల్లో తగ్గింది గాని, ప్రమాదం జరిగినప్పుడు గదిలో టీచర్ లేదు. పాఠం తర్వాత, పిల్లల క్షేమం ముందు. ఇక్కడి చట్టం టీచర్ మీద పెట్టే మొదటి బాధ్యత అది. డెబ్బీ తల్లిదండ్రులు స్కూల్ బోర్డుకి రాశారు.

రాజీనామా ఇచ్చేద్దామనుకున్నాను. మావారు భీమశంకర్ కాగితం లాక్కున్నారు. "వసూ, రిజైన్ చేస్తే కేస్ క్లోజ్. నువ్వే ఒప్పుకున్నట్టు. హియరింగ్ అడుగు, అది నీ రైట్." ఆయన చెప్పింది నిజం. ఇక్కడ పర్మినెంటయిన టీచర్‌ని తీసెయ్యాలంటే బోర్డు కారణాలు రాసివ్వాలి. అడిగితే బయటి అధికారి విచారించాలి. దిద్దుకోగల తప్పయితే ముందు రాతలో హెచ్చరించి, దిద్దుకునే అవకాశం ఇవ్వాలి.

యూనియన్ తరఫు లాయరు మిస్ కోవాల్స్కీ "మీ దగ్గర ఆధారం ఏముంది?" అంది. నా టీచర్ డైరీ ముందు పెట్టాను.

నువ్వు నవ్వుతావు. ఏ పీరియడ్‌లో ఏం చెప్పాం, ఏం జరిగింది అన్నీ రాసి వారానికోసారి హెచ్‌.ఎం. సంతకం తీసుకోవడం నువ్వు హెడ్మిస్ట్రెస్‌గా ఉన్న బళ్ళో నేర్చుకున్నదే. ఇక్కడ ఎవరూ రాయరు. నేను మానలేదు. ప్రతి శుక్రవారం ప్రిన్సిపాల్ హాలొరన్ గారి గుమ్మంలో నిలబడితే, "వచ్చేశారా ఇన్‌స్పెక్టర్ గారు" అని ఫోను భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి సంతకం గీకేసేవారు. అయిదేళ్ళూ అంతే. అందులో "ల్యాబ్ కుళాయి పనిచెయ్యడం లేదు, బాగుచేయించగలరు" అని మూడుసార్లు రాశాను. మూడింటి కిందా ఆయన సంతకం ఉంది. మిస్ కోవాల్స్కీ కుర్చీలోంచి లేచినంత పనిచేసింది.

ఇప్పుడు నీకు చెప్పాల్సింది చెబుతాను. రెండు నిమిషాలే బయట ఉన్నానని ప్రిన్సిపాల్‌కీ లాయరుకీ చెప్పాను. డైరీలో ఏడు అని ఉంది. నీళ్ళకి రెండు. రేణుకి జ్వరమని ఇంటికి ఫోన్ చెయ్యడానికి అయిదు. భయపడి రెండన్నాను. డైరీ ఇస్తే మొత్తం ఇవ్వాలి, పేజీలు ఏరుకోవడం కుదరదు. అది విడి కాగితాల ఫైలు. ఒక ఆదివారం ఆ పేజీ తీసి, రెండు నిమిషాలని మార్చి కొత్తది రాశాను. హాలొరన్ గారి సంతకం న్యూస్‌పేపర్ అంచున మూడుసార్లు దిద్దాను. బాగానే కుదిరింది.

అప్పుడు 1971 గుర్తొచ్చింది. నెల డైరీ ఒక్క పూటలో రాసి తెస్తే, స్టాఫంతా చూస్తుండగా నువ్వన్నావు: "ఇది డైరీ కాదు వసుమతీ, కథ. కథలకి నేను సంతకం పెట్టను." ఆ మాటకి నీతో నాలుగు నెలలు మాట్లాడలేదు. కొత్త పేజీ చింపేశాను. పాతది మళ్ళీ ఫైల్లో పెట్టి, మర్నాడు లాయరుకి జరిగింది చెప్పాను. ఫైలు అందుకుని, "సరే, మొత్తం ఇద్దాం" అంది.

విచారణలో బోర్డు లాయరు "ఏడు నిమిషాలు" అని రెండుసార్లు చదివి వినిపించాడు. అధికారి నన్ను, "ఇది ఎప్పుడు రాశారు?" అనడిగాడు. ఆ సాయంత్రమేనన్నాను. హాలొరన్ గారి వైపు తిరిగాడు.

"ఈ సంతకం మీదేనా?"

"నాదే."

"చదివి పెట్టారా?"

"లేదు. ఆవిడ తెస్తారు, నేను పెడతాను."

తీర్పు పోయిన వారం వచ్చింది. పధ్నాలుగు పేజీలు. ఒక వాక్యం నాకు నోటికొచ్చేసింది: "తనకు నష్టం చేసే ఏడు నిమిషాలను దాచని ఈ పుస్తకం కుళాయి గురించి అబద్ధం చెబుతుందనుకోవడానికి కారణం లేదు." తప్పు దిద్దుకోగలది, ముందుగా హెచ్చరిక లేదు, కాబట్టి తొలగింపు చెల్లదు. అయితే ఆ ఏడు నిమిషాల తప్పు నాదే, ఆ మేరకు నా ఫైల్లో హెచ్చరిక పెట్టమన్నారు. దాని మీద సంతకం చేసిచ్చాను. అది జరిగిన విషయమే కదా.

ఇవాళ శుక్రవారం. గుమ్మం దగ్గర వెళ్ళనా వద్దా అనుకుంటుంటే, "పుస్తకం ఏదీ?" అన్నారు హాలొరన్ గారు. కళ్ళజోడు పెట్టుకుని, నన్ను కూర్చోమని, అయిదు రోజులదీ చదివారు. ఫోను మోగితే ఎత్తలేదు.

"కుళాయి బాగుచేశారని మంగళవారం రాశారు. నీళ్ళు కారుతున్నాయని గురువారం రాశారు. ఏది నిజం?"

"రెండూ" అన్నాను.

లేచి ల్యాబ్‌కి వెళ్ళారు. తిరిగొచ్చేసరికి చొక్కా చెయ్యి మోచేతి దాకా తడిసి ఉంది. అలాగే కూర్చుని సంతకం పెట్టారు. నీటిచుక్క పడి ఒక అక్షరం అలుక్కుపోయింది.

ఆ 1971 డైరీ ఇంకా నీ బీరువాలో ఉంటే పారెయ్యకు. సంతకమూ పెట్టకు.

ఇట్లు,
నీ చెల్లెలు
వసుమతి