గుమ్మం దగ్గరకు చేరిన పంజరం

అబ్బాయికి,

నిన్న హాలులో జరిగిన చర్చకు మొదట నీవు, తరువాత నీ చెల్లెలు, ఆపైన కోడలు వచ్చి కూర్చున్నారు. కబురు చెప్పడానికి నన్ను చివరకు పిలిచారు. ఎగిరే ఉడుతలా ఉండే ఆ షుగర్ గ్లైడర్‌ను ఎవరికో ఇచ్చివేయాలని అప్పటికే నిర్ణయించారు. పంజరం గుమ్మం దగ్గరకు చేరింది.

సాయంత్రం దాని కోసం వచ్చే వ్యక్తికి నీవే క్షమాపణ చెప్పి పంపు. పంజరం ఇప్పుడు నా గదిలో ఉంది, కదపవద్దు. గ్లైడర్‌ను కోటు జేబులో పెట్టుకుని పశువైద్యుని వద్దకు వెళుతున్నాను. ఒంటరిగా ఉంచితే దిగులుతో తన తోకను తానే కొరుక్కుంటుందని ఆయన హెచ్చరించారు. తోడుగా మరొకటి దొరుకుతుందేమో విచారిస్తాను.

ముచ్చటపడి తెచ్చినది నీవు. వీడియోలు తీసి పదిమందికి పంపినదీ నీవే. మోజు తీరాక దాని ముఖం చూడలేదు. పంజరం ఎవరు కడుగుతున్నారని ఒక్కనాడూ అడగలేదు.

"మామయ్యగారిని కూడా అడగండి, పగలంతా అది ఆయన జేబులోనేగా పడుకునేది" అని కోడలు అన్నది. "నాన్ననా? మనుషుల్నే దగ్గరికి రానివ్వరు, ఎలుకపిల్లని రానిస్తారా!" అని నీవు నవ్వావు. నీ చెల్లెలూ నవ్వింది. నేను పత్రిక తిరగవేశాను.

అది ఎలుక కాదు.

నాన్న

తా.క. ఈ ఇంట్లో నాకూ ఒక అభిప్రాయం ఉండవచ్చునని తోచినది కోడలికి ఒక్కతెకే. అందుకు ఆమెకు నా కృతజ్ఞతలు తెలియజేస్తున్నాను. ఈ వాక్యాన్ని నీవే ఆమెకు చదివి వినిపించాలి.